నాలుగు సిట్టింగులకు తోలు గట్టిపడుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 23 ఏళ్లు. పోయిన నెల స్నేహితులతో సముద్రానికి వెళ్లాను. ఆ రోజు మబ్బు పట్టి, చల్లగా గాలి వీస్తుండటంతో సన్‌స్క్రీన్ ఊసే ఎత్తలేదు. మూడు గంటలు నీళ్లలోనే ఉన్నాం. రాత్రికి వీపు, భుజాలు నిప్పు పెట్టినట్టు మండాయి. మర్నాడు బొబ్బలు, కాస్త జ్వరం. వారానికల్లా తోలు పొరలు పొరలుగా ఊడింది. ఇప్పుడు అక్కడ నల్లమచ్చలు పడ్డాయి. ఇంకో రెండు నెలల్లో మళ్లీ అలాంటి ట్రిప్పే ఉంది. ఈలోగా అతినీలలోహిత దీపాల మంచం మీద పడుకోబెట్టి ఒంటి రంగు ముదిరేలా చేసే టానింగ్ సెలూన్‌లో నాలుగు సిట్టింగులు తీసుకుంటే తోలు గట్టిపడుతుందని, ఇక కాలదని, పైగా విటమిన్ డి కూడా వస్తుందని ఒక ఫ్రెండ్ అంటోంది. తను రెండేళ్లుగా వెళ్తోంది. మా అక్కేమో ‘మనది చామనఛాయ, మనల్ని ఎండ ఏం చేస్తుంది’ అని నవ్వుతోంది. నాకు మాత్రం కేన్సర్ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. సెలూన్‌కి వెళ్లమంటారా, వద్దంటారా?

జవాబు: వద్దమ్మా. నాలుగు కాదు, ఒక్క సిట్టింగ్ కూడా వద్దు. మీ ఫ్రెండ్ మాటలో సగం నిజం ఉంది, మీ అక్క మాటలో ఇంకో సగం ఉంది. చిక్కంతా ఆ సగాలతోనే.

ముందు మీ టెన్షన్ సంగతి. ఒక్కసారి ఒళ్లు కాలినంత మాత్రాన కేన్సర్ రాదు. ఎండ వల్ల వచ్చే చర్మ కేన్సర్లు చాలావరకు ఏళ్ల తరబడి పేరుకున్న దెబ్బల ఫలితం. బొబ్బలు లేచేలా పదే పదే కాలిన వాళ్లకు ముప్పు పెరుగుతుంది, అందులోనూ చిన్నతనంలో కాలితే ఎక్కువ. మీకు జరిగింది ఒక హెచ్చరిక అనుకోండి, శిక్ష పడిపోయిందని అనుకోకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ‘మబ్బు పట్టి, చల్లగా’ అన్న మాట. మనం ఎండ తీవ్రతను ఒంటికి తగిలే వేడితో కొలుస్తాం. వడదెబ్బ విషయంలో ఆ లెక్క సరే. అది వేడి వల్ల వచ్చేది, ఒంట్లో ఉష్ణోగ్రత అదుపు తప్పడం. మీకు జరిగింది వేరు. చర్మాన్ని కాల్చేవి అతినీలలోహిత కిరణాలు. ఇవి కంటికి కనిపించవు, ఒంటికి వెచ్చగా కూడా తగలవు. 1801లో రిట్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటిని కనిపెట్టింది కూడా చూసి కాదు. ఊదా రంగుకు అవతల, ఏ వెలుతురూ కనబడని చోట పెట్టిన వెండి లవణం మిగతా చోట్లకన్నా త్వరగా నల్లబడితే, అక్కడేదో ఉందని పట్టుకున్నాడు. పలచటి మబ్బులోంచి ఈ కిరణాల్లో 80 శాతం దాకా దిగివస్తాయి. అర మీటరు లోతు నీళ్లలో కూడా పైన ఉన్న తీవ్రతలో 40 శాతం ఉంటుంది. ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా తిప్పి మన మీదికే కొడతాయి. అంటే మీరు చల్లగాలిలో, నీళ్లలో హాయిగా ఉన్న ఆ మూడు గంటలూ పై నుంచీ పక్కల నుంచీ కాలుతూనే ఉన్నారు. ఒళ్లు చురుక్కుమనలేదు కాబట్టి తెలియలేదు. తెలిసేది ఎప్పుడూ ఆలస్యంగానే. ఎరుపు మూడు నాలుగు గంటల తర్వాత మొదలై, 12 నుంచి 24 గంటల మధ్య ముదురుతుంది. మంట పుట్టాక నీడకు వెళ్దాంలే అనుకునే వాళ్లందరూ అలాగే దెబ్బతింటారు.

లోపల ఏం జరిగిందో చెప్తాను, మీ ఫ్రెండ్ మాటకు జవాబు అందులోనే ఉంది. ఈ కిరణాల్లో భూమి దాకా వచ్చేవి రెండు రకాలు, యూవీ-ఎ, యూవీ-బి. యూవీ-బి చర్మం పై పొరల్లోనే ఆగిపోతుంది కానీ పదును ఎక్కువ. అది నేరుగా కణంలోని డీఎన్ఏకు తగిలి, అందులోని రాతలో పక్కపక్కనే ఉన్న రెండు అక్షరాలను ఒకదానికొకటి అతికించేస్తుంది. కుట్టుమిషన్ కింద బట్ట మడతపడి కుట్టుపడినట్టు. ఆ ముడి ఉన్నచోట కణం తన డీఎన్ఏను సరిగ్గా నకలు తీసుకోలేదు. అందుకని ఆ ముక్కను కత్తిరించి, కొత్తది నేసి పెట్టే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంటుంది. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో విడమరచి చూపినందుకే అజీజ్ సంజార్‌కు 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది, ఇంకో ఇద్దరితో కలిపి. మరమ్మతుకు లొంగనంతగా దెబ్బతిన్న కణాలు ఏం చేస్తాయంటే, తమంతట తామే చచ్చిపోతాయి. మీ వీపు మీద పొరలు పొరలుగా ఊడింది ఆ చచ్చిన కణాలే. చూడటానికి భయంగా ఉన్నా, అది శరీరం సరిగ్గా పనిచేసిందనడానికి గుర్తు. అసలు భయపడాల్సింది చావకుండా, సరిగ్గా బాగుపడకుండా, తప్పు నకలుతోనే బతికేసే కణాల గురించి. అవి కనబడవు.

ఇక టాన్, అంటే కిరణాలు తగిలాక ఒంటికి తేలే రంగు. డీఎన్ఏ దెబ్బతిన్నదని తెలిశాకే చర్మ కణం పక్కనున్న రంగు కణానికి కబురు పంపుతుంది. రంగు కణం మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసి చుట్టూ ఉన్న కణాలకు పంచుతుంది. అవి దాన్ని తమ కేంద్రకం నెత్తిన గొడుగులా పట్టుకుంటాయి. ఎంత అందమైన ఏర్పాటో! కానీ వరస చూడండి: ముందు దెబ్బ, తర్వాత కబురు, రెండు మూడు రోజులకు గొడుగు. దెబ్బ తగలకుండా ఆ గొడుగు తెరుచుకోదు. తీరా తెరుచుకున్నాక అది ఇచ్చే రక్షణ ఎంతయ్యా అంటే, సన్‌స్క్రీన్ సీసా మీద ఉండే రక్షణ అంకె ఎస్‌పీఎఫ్ లెక్కలో 3, మహా అయితే 4. మందుల షాపులో ఎస్‌పీఎఫ్ 4 అని రాసున్న సీసా ఇస్తే మీరు కొంటారా? ‘తోలు గట్టిపడుతుంది’ అన్న మాటలోని సగం నిజం ఇదే. కిరణాలు తగిలిన చర్మం పై పొర నిజంగానే కాస్త మందమవుతుంది, కాస్త రంగు తేలుతుంది. ఆ కాస్త కోసం డీఎన్ఏను చెడగొట్టుకోవాలి.

సెలూన్ మంచం దగ్గరికి వస్తే ఆ కాస్త కూడా లేదు. ఇది చాలామందికి తెలియని సంగతి. 1970లలో జర్మనీ నుంచి బయల్దేరిన ఈ యంత్రాలు ఎక్కువగా యూవీ-ఎ మీద నడుస్తాయి. యూవీ-ఎ చర్మాన్ని అంత తొందరగా ఎర్రగా కందించదు, కాబట్టి ‘సేఫ్’ అని చెప్పి అమ్మడం తేలిక. కానీ అది చర్మంలో మరింత లోతుకు దిగుతుంది, ముడతలు తెచ్చేది ముఖ్యంగా అదే. దాని వల్ల గంటలో కనబడే నలుపు చాలావరకు కొత్త మెలనిన్ కాదు, చర్మంలో అప్పటికే ఉన్న రంగు ముదిరి అటూ ఇటూ సర్దుకోవడం. రంగు వస్తుంది, గొడుగు రాదు. ఆ భరోసాతో మీరు సముద్రానికి వెళ్లి ఇంకో గంట ఎక్కువ ఉంటారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. యూవీ-ఎ తగిలిన రంగు కణాల్లో, దీపం ఆర్పేశాక కూడా మూడు గంటలకు పైగా డీఎన్ఏ ముడులు పడుతూనే ఉంటాయి, అదీ మెలనిన్ చలవ వల్లే. మనల్ని కాపాడే రంగే కొంత చేటు కూడా చేస్తుందన్నమాట. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది.

కొన్ని యంత్రాల్లో యూవీ-ఎ మధ్యాహ్నపు ఎండలో కన్నా 10 నుంచి 15 రెట్లు ఎక్కువ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2009లో టానింగ్ యంత్రాలను కేన్సర్ కారకాల మొదటి తరగతిలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న తరగతి అది. అంటే సిగరెట్‌తో సమానమైన ప్రమాదమని కాదు. ఆ తరగతి చెప్పేది ప్రమాదం ఎంత అని కాదు, కేన్సర్ తెస్తుందనడానికి రుజువు ఎంత గట్టిది అని. 35 ఏళ్ల లోపు ఈ అలవాటు మొదలుపెట్టిన వాళ్లలో మెలనోమా (రంగు కణాల్లో పుట్టే ప్రమాదకరమైన చర్మ కేన్సర్) ముప్పు 75 శాతం దాకా ఎక్కువగా ఉన్నట్టు అదే విభాగం 2006లో లెక్కతేల్చింది. వందలో 75 మందికి వస్తుందని కాదు సుమా, మామూలుగా ఉండే ముప్పు మీద అంత పెరుగుదల. అందం కోసం వాడే ఈ యంత్రాలను బ్రెజిల్ 2009లోనే నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2016 నాటికి వ్యాపారానికి నడిపేవన్నీ మూతపడ్డాయి. అమెరికాలో 18 ఏళ్ల లోపు వాళ్లు వాడకూడదన్న హెచ్చరిక యంత్రం మీదే ఉండాలని 2014లో నియమం పెట్టారు.

మీ అక్క మాటకు వద్దాం. ఆవిడ నవ్వుతో కొట్టిపారేసినా, అందులో నిజం ఉంది. పైన చెప్పిన అంకెలు ప్రధానంగా తెల్లచర్మం వాళ్ల నుంచి వచ్చినవి. పుట్టుకతో వచ్చే మెలనిన్ నిజమైన కవచం. బాగా నల్లని చర్మానికి దానంతట దానికే ఎస్‌పీఎఫ్ 13 దాకా ఉంటుందని కొలిచారు, తెల్లచర్మానికి 3కు కాస్త పైన. చామనఛాయ ఈ రెంటి నడుమ ఎక్కడో పడుతుంది. ఎండ వల్ల వచ్చే చర్మ కేన్సర్లు మనలాంటి రంగున్న వాళ్లలో చాలా తక్కువ. ఇది దాచి మిమ్మల్ని భయపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ కవచం ఉన్నంత మాత్రాన దెబ్బ తగలదని కాదు, ఆ సంగతి మీ వీపే చెప్పింది. ముడతలు కాస్త ఆలస్యంగానైనా మనకూ వస్తాయి, కంటి శుక్లాలకు చర్మం రంగుతో పని లేదు. పైగా మన చర్మానికి తెల్లచర్మంలో అంతగా కనబడని బాధ ఒకటుంది. ఎక్కడ వాపు వచ్చి తగ్గితే అక్కడ నల్లమచ్చ మిగులుతుంది. మీ భుజాల మీద ఉన్నవి అవే. నెలలు పట్టినా వాటంతట అవే పలచబడతాయి. ఆ భాగాన్ని ఎండ తగలకుండా కప్పి ఉంచండి, మామూలు మాయిశ్చరైజర్ రాయండి, చాలు. తెల్లబరిచే క్రీముల జోలికి మాత్రం పోకండి. వాటిలో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి, చర్మాన్ని పలచన చేసి కొత్త కష్టాలు తెస్తాయి. ఒకరు తెల్లబడటానికి క్రీము, ఇంకొకరు నల్లబడటానికి మంచం... ఇద్దరూ చివరికి నా దగ్గరికే వస్తారు, ఏం చెప్పను!

అరుదే అయినా, నల్లని చర్మానికీ మెలనోమా వస్తుంది. వచ్చేది ఎక్కువగా ఎండ తగలని చోట: అరికాలు, అరచేయి, గోరు కింద. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద కనబడింది అదే. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. దానికి ఎండను తప్పుపట్టలేం. కానీ ‘మనకు రాదులే’ అన్న ధీమా వల్ల ఇలాంటివి ఆలస్యంగా బయటపడతాయి, అదే అసలు చేటు.

విటమిన్ డి మాట త్వరగా తేల్చేస్తాను. చర్మం దాన్ని తయారుచేసుకునేది యూవీ-బితో, సెలూన్ మంచం ఇచ్చేది ఎక్కువగా యూవీ-ఎ. యూవీ-బి ఉన్నా, ఒక మోతాదు దాటాక చర్మం అదనంగా తయారైనదాన్ని పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. అందుకే గంటల కొద్దీ కాగితే గంటల కొద్దీ విటమిన్ రాదు. లోపం ఉందేమోనని అనుమానం ఉంటే రక్తపరీక్ష ఉంది, మాత్రలున్నాయి. ఇక్కడే ఇంకో మాట. బొల్లికో, సోరియాసిస్‌కో ఆస్పత్రిలో లైట్ పెడతారు కదా, అది వేరా అని అడుగుతుంటారు. వేరే. అక్కడ సాధారణంగా యూవీ-బిలో 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి సన్నని పట్టీని మాత్రమే వాడతారు, జబ్బు కోసం, మోతాదు రాసుకుంటూ ఇస్తారు. వెలుతురుతో వైద్యం చేసి చూపిన ఫిన్‌సెన్ అనే డాక్టర్‌కు 1903లోనే నోబెల్ వచ్చింది. మందు అయింది కదా అని షాపులో మంచం వేసుకుని పడుకుంటే కుదరదు.

మీ ఫ్రెండ్‌ను తిట్టకండి. రెండేళ్లుగా వెళ్తున్నదంటే రంగు కోసమే కాకపోవచ్చు. ఈ కిరణాలు తగిలినప్పుడు చర్మం ఎండార్ఫిన్‌లు అనే హాయినిచ్చే రసాయనాలను కూడా తయారుచేస్తుంది, అందుకే కొందరికి లేచి వచ్చాక హాయిగా ఉంటుంది, మానడం కష్టమవుతుంది. ఒక్కటి మాత్రం తప్పక అడగండి, లోపల కళ్లకు గాగుల్స్ పెట్టుకుంటోందా అని. కళ్లు మూసుకుంటే చాలదు, రెప్పలు పలచన. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) కాలితే కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది, ముందు ముందు శుక్లాలు కూడా రావచ్చు. తనకు రంగే కావాలంటే పైపూతగా స్ప్రే టాన్ ఉంది. అందులోని డైహైడ్రాక్సీఅసిటోన్ చర్మం పైనున్న చచ్చిన పొరకు మాత్రమే రంగు పట్టిస్తుంది, ఓ వారంలో పోతుంది. పీల్చకుండా, కళ్లకూ పెదాలకూ తగలకుండా చూసుకుంటే మంచం కన్నా ఎంతో నయం. కానీ ఆ రంగు ఎండను ఆపదు. నల్లబరిచే మాత్రలు, ఇంజెక్షన్లు, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటి దరిదాపులకు పోవద్దనండి. మాత్రల్లోని కాంతాజాంతిన్ అనే రంగు కంటి రెటీనాలో పలుకులుగా పేరుకుంటుంది. మెలనోటాన్ అనే ఇంజెక్షన్‌కు ఈ పనికి ఎక్కడా అనుమతి లేదు, వాంతులు వస్తాయి, పుట్టుమచ్చలు మారిపోతాయి.

ఇక ట్రిప్. తప్పకుండా వెళ్లండి. వెళ్లేముందు ఒక సంగతి చూసుకోండి: మొటిమలకు ఏమైనా మందులు వాడుతున్నారా? మీ వయసులో చాలామంది డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ వాడుతుంటారు. ఇవి వాడేవాళ్లు మామూలుకన్నా త్వరగా కాలుతారు. మీరు రాయలేదు కానీ, మొదటిసారి అంత గట్టిగా కాలడానికి అది కూడా కారణం కావచ్చు. ఒకవేళ వాడుతుంటే రాసిచ్చిన డాక్టర్‌ను అడగండి, మీ అంతట మీరు ఆపేయకండి.

గడియారం కన్నా మీ నీడను నమ్ముకోండి. నీడ మీకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ కిరణాలు బలంగా ఉన్నట్టే, ఆ సమయంలో ఏదైనా నీడపట్టున ఉండి, నీళ్లలోకి పొద్దునో సాయంత్రమో దిగండి. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రత కింద యూవీ సూచిక అని ఒక అంకె ఉంటుంది. అది 3కు చేరితే జాగ్రత్త అవసరం, 11కు చేరితే విపరీతం. మబ్బు రోజున ఆ అంకె మీ ఒంటికన్నా నిజం చెబుతుంది. ఈత కొట్టేటప్పుడు పొడుగు చేతుల స్విమ్ షర్టు వేసుకోండి. వీపుకు అంతకు మించినది లేదు, ఎందుకంటే వీపుకు క్రీము సరిగ్గా ఎవరూ రాసుకోలేరు. మిగతా చోట్ల సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది యూవీ-బిలో 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం ఖరీదైనది వెతకడం కన్నా, ఎస్‌పీఎఫ్ అనేది యూవీ-బి లెక్క కాబట్టి యూవీ-ఎను కూడా ఆపుతుందని సీసా మీద ఉందో లేదో చూడండి. అందరూ తప్పేది మోతాదు దగ్గరే. ఒళ్లంతటికీ 30 మిల్లీలీటర్లకు తక్కువ కాకూడదు, అంటే చిన్న ట్యూబు సగానికి పైగా ఒక్కసారికే అయిపోతుంది. పొదుపుగా రాస్తే సీసా మీది అంకె మీకు వర్తించదు. బయటికి వెళ్లే పావుగంట ముందు రాయండి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చి తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాయండి. ఇదంతా ఉత్త చాదస్తం కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1992 నుంచి 1996 దాకా 1,621 మందిని రెండుగా చేసి, సగం మందిని రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు, మిగతా సగాన్ని వాళ్ల ఇష్టానికి వదిలేశారు. రోజూ రాసుకున్న వాళ్లలో స్క్వామస్ రకం చర్మ కేన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి. తర్వాత పదేళ్లు గమనిస్తే మెలనోమా కూడా దాదాపు సగానికి తగ్గింది. అక్కడ ఎండా ఎక్కువ, తెల్లచర్మమూ ఎక్కువ. మనకు అంత తేడా కనబడకపోవచ్చు, అయినా రక్షణ పనిచేసే తీరు ఒకటే.

ఇంత చేసినా ఎప్పుడైనా కాలితే, వెంటనే నీడకు వచ్చి చల్లటి నీళ్లతో ఒళ్లు తడుపుతూ ఉండండి. ఐసు పెట్టకండి, కాలిన చర్మాన్ని అది ఇంకా దెబ్బతీస్తుంది. టూత్‌పేస్టు, నూనె, వెన్న ఏవీ వద్దు. నిమ్మరసం అసలే వద్దు. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే అదే బొబ్బలు లేపుతుంది. కలబంద జెల్లో, మాయిశ్చరైజరో పలచగా రాయండి, నీళ్లు బాగా తాగండి, పడితే ఒక పారాసెటమాల్. బొబ్బల్ని చిదమకండి, లోపల పచ్చి చర్మానికి పైనున్న ఆ పొరే కట్టు. బొబ్బలు ఒంట్లో పెద్ద భాగానికి లేచినా, జ్వరం ఎక్కువైనా, వాంతులు, తలతిరుగుడు, మగత ఉన్నా, చీము పట్టినా ఇంట్లో కూర్చోవద్దు. మీకు మొన్న బొబ్బలతో పాటు జ్వరం వచ్చిందన్నారు, అప్పుడే ఎవరికైనా చూపించుకుని ఉండాల్సింది.

చివరగా, ఆ నల్లమచ్చలతో పాటు మీ వీపు మీది పుట్టుమచ్చలను కూడా ఒకసారి చూడాలి. సగానికి సగం పోలిక లేకుండా ఉన్నది, అంచులు చెదిరినది, రెండు మూడు రంగులున్నది, 6 మిల్లీమీటర్లు దాటినది, అన్నిటికన్నా ముఖ్యంగా ఈమధ్య పెరుగుతున్నది లేదా మారుతున్నది ఏదైనా కనిపిస్తే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. మీ వీపు మీరు చూసుకోలేరు కాబట్టి మంచి వెలుతురులో మీ అక్కను చూడమనండి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, రేపు పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఆవిడ చూడటం అయ్యాక, నవ్వినా సరే కూర్చోబెట్టి, ఆవిడ అరికాళ్లూ కాలిగోళ్లూ మీరు చూడండి.